గన్ లైసెన్స్ ఉంది, పోలీసులు ఆపారు: అమెరికాలో మన తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో వచ్చాక గన్ కొనుక్కున్న తెలుగువాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. క్లాసుకి వెళ్ళారు, రేంజ్‌లో గురి నేర్చుకున్నారు, లైసెన్స్ తీసుకున్నారు. వెనక పోలీసు లైట్లు వెలిగితే ఏం చేయాలో మాత్రం కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు. అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను.

నేను లాయర్‌ని కాను, టెక్సస్‌లో లైసెన్స్‌తో గన్ పెట్టుకునే మామూలు మనిషిని. చట్టాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. ఇక్కడ టెక్సస్ సంగతులే ఎక్కువ, వేరే రాష్ట్రం విషయమైతే దాని పేరు రాశాను. నేను నమ్మేది ఒక్కటే: రోడ్డు మీద చేతులు పోలీసు చెప్పినట్టు వినాలి, నోరు మాత్రం హక్కు వదులుకోకూడదు. ఈ రెండూ ఒకేసారి చేయొచ్చు.

## గన్ కొనే ముందు

నేను హెచ్1బీ మీద ఉన్నాను. గన్ కొనొచ్చా? కొనకపోయినా ఫ్రెండ్స్‌తో రేంజ్‌కి వెళ్ళి సరదాగా కాల్చొచ్చా?

రెండూ వద్దు. హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1, బీ2 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు గన్ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. 2022 నుంచి దీనికి 15 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు. "కొనలేదు, అద్దెకి తీసుకుని కాసేపు కాల్చాను అంతే" అనే మాట నిలబడదు. సుప్రీం కోర్టు 2019లో తీర్పిచ్చిన రెహైఫ్ కేసు అక్కడే మొదలైంది. ఫ్లోరిడాలో చదువు ఆగిపోయి ఎఫ్1 స్టేటస్ పోయిన ఒక యువకుడు రేంజ్‌లో గన్ కాల్చాడు, కేసు పడింది. తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలని కోర్టు చెప్పింది. వాడుకోవచ్చని మాత్రం చెప్పలేదు.

రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ ఉన్నవాళ్ళకి చట్టంలో మినహాయింపు ఉంది. అయినా గన్ కేసు డిపోర్టేషన్‌కి కూడా కారణం అవుతుంది కాబట్టి, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఆ మినహాయింపు మీద ఆధారపడొద్దు. గ్రీన్ కార్డ్ చేతికొచ్చేదాకా ఆగండి.

నాకు గ్రీన్ కార్డ్ ఉంది, మా తమ్ముడు ఎఫ్1 మీద నా ఇంట్లోనే ఉంటున్నాడు. ఇబ్బందా?

జాగ్రత్త పడాల్సిన విషయమే. చేతితో పట్టుకుంటేనే నేరం అనుకోకండి. అందుబాటులో ఉండి, అదుపులో ఉన్నా "పొసెషన్" కిందికే వస్తుంది. గన్ సేఫ్‌లో పెట్టి తాళం మీ దగ్గరే ఉంచుకోండి, కోడ్ అతనికి చెప్పొద్దు. మీ గన్ ఉన్న కారు అతనికి ఇవ్వొద్దు. కిరాణా కొట్టుకి వెళ్తూ అతన్ని పోలీసులు ఆపి సీటు కింద గన్ చూస్తే, అది మీదని తేలేలోపు అతని చదువు, వీసా రెండూ గాల్లో ఉంటాయి.

టెక్సస్‌లో ఇప్పుడు లైసెన్స్ అక్కర్లేదు కదా. డబ్బు పెట్టి ఎందుకు తీసుకోవాలి?

2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్ళు దాటి చట్టపరంగా అర్హత ఉన్నవాళ్ళు లైసెన్స్ లేకుండా కూడా హ్యాండ్‌గన్ పెట్టుకోవచ్చు, నిజమే. అయినా తీసుకోమనే చెబుతాను. స్కూలుకి 1,000 అడుగుల లోపు రోడ్డు మీద గన్‌తో వెళ్ళడం ఫెడరల్ నేరం. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంటుంది, లేకపోతే గన్ ఖాళీ చేసి తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. పొద్దున్నే పిల్లల్ని స్కూల్లో దింపేవాళ్ళకి ఇదొక్కటి చాలు. పైగా మీ గన్‌ని ఒప్పుకునే వేరే రాష్ట్రాల సంఖ్య లైసెన్స్ ఉంటే పెరుగుతుంది. ఆపిన ఆఫీసర్‌కి ఆ కార్డు ఇస్తే, బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటి వచ్చిన మనిషని అతనికి వెంటనే అర్థమవుతుంది.

ఇండియాలో మా పెదనాన్నగారికి లైసెన్స్ ఉంది. ఎలక్షన్లు వస్తే స్టేషన్‌లో అప్పగించేవారు. ఇక్కడ కూడా పోలీసులు అడిగితే ఇచ్చేయాలా?

రెండు చోట్లా చట్టం పునాదే వేరు. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం గన్ అనేది ప్రభుత్వం ఇచ్చే అనుమతి. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు, ఏ పోలీసు అధికారైనా లైసెన్స్ చూపించమనొచ్చు. అమెరికాలో అది రాజ్యాంగంలో రాసిన హక్కు. ఇంట్లో ఆత్మరక్షణ కోసం గన్ ఉంచుకోవడం వ్యక్తి హక్కని సుప్రీం కోర్టు 2008లో హెల్లర్ కేసులో చెప్పింది, ఇంటి బయట పెట్టుకోవడం కూడా హక్కేనని 2022లో బ్రూయెన్ కేసులో చెప్పింది. స్టేషన్‌కి తెచ్చి అప్పగించమని ఇక్కడ ఎవరూ అనరు. ట్రాఫిక్ స్టాప్‌లో తన భద్రత కోసం ఆఫీసర్ కాసేపు తీసుకోవడం వేరే విషయం. అప్పుడు చేయి అడ్డం పెట్టకూడదు.

మనలో చాలామందికి చిన్నప్పటి నుంచి పోలీసంటే భయమో, లేకపోతే "మనకి తెలిసిన సీఐ ఉన్నాడు" అనే ధైర్యమో అలవాటు. ఇక్కడ ఆ రెండూ పనికిరావు. చట్టంలో ఏముందో తెలిసి ఉండటమే పనికొస్తుంది.

## కారు ఆపినప్పుడు

వెనక లైట్లు వెలిగాయి, నా నడుముకి గన్ ఉంది. మొదటి నిమిషంలో ఏం చేయాలి?

సిగ్నల్ వేసి కుడి పక్కకి తీసి ఆపండి. ఇంజిన్ ఆపండి. రాత్రి అయితే లోపలి లైటు వేయండి. కిటికీలు దించండి, వెనక అద్దాలు నల్లగా ఉంటే అవి కూడా. తర్వాత రెండు చేతులూ స్టీరింగ్ పైన, వేళ్ళు విప్పి పెట్టండి. సీటు బెల్టు తీయొద్దు. దాన్ని తీయాలంటే చేయి నడుము దగ్గరికి వెళ్ళాలి, అద్దంలోంచి చూసేవాడికి అది గన్ కోసం వెళ్ళినట్టే కనిపిస్తుంది.

కారు దిగొద్దు. మన ఊళ్ళో పోలీసు ఆపితే బండి దిగి, ఎదురు వెళ్ళి "సార్" అనడం మర్యాద. ఇక్కడ అదే పని చేస్తే ఎదురు తిరగడానికి వస్తున్నాడనుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు, ముఖ్యంగా పెద్దవాళ్ళు, అలవాటుగా చేసే పని ఇదే.

పర్సు వెనక జేబులో, గన్ అదే వైపు నడుముకి ఉందా? ఈ రోజే మార్చుకోండి. గన్ కుడివైపు ఉంటే కార్డులు ఎడమ చొక్కా జేబులోనో, కళ్ళెదుట డ్యాష్‌బోర్డ్ హోల్డర్‌లోనో ఉండాలి. కార్డు కోసం వెళ్ళే చేయి గన్ ఉన్న దిక్కుకే వెళ్ళకూడదు. ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి.

గన్ ఉందని నేనే ముందు చెప్పాలా, అడిగితే చెప్తే చాలా?

ఏ రాష్ట్రంలో ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. మిషిగన్, న్యూజెర్సీలలో ఆపిన వెంటనే మీరే చెప్పాలి. నార్త్ కరోలినాలో పర్మిట్ మీద గన్ పెట్టుకున్నవాళ్ళు చెప్పి తీరాలి. ఒహాయోలో 2022 జూన్ దాకా ఆ నియమం ఉండేది, ఇప్పుడు అడిగితే నిజం చెప్పాలి. ఫ్లోరిడా, జార్జియాలలో ముందుగా చెప్పాలనే నియమం లేదు. టెక్సస్‌లో లైసెన్స్ ఉన్నవాళ్ళు గన్‌తో ఉన్నప్పుడు ఆఫీసర్ ఐడీ అడిగితే, డ్రైవింగ్ లైసెన్స్‌తో పాటు గన్ లైసెన్స్ కూడా చూపించాలి.

రూల్ ఉన్నా లేకపోయినా చెప్పేయడమే మంచిదని నా అభిప్రాయం. టెక్సస్‌లో డ్రైవింగ్ లైసెన్స్ నంబర్ కొట్టగానే మీకు గన్ లైసెన్స్ ఉన్న సంగతి ఎలాగూ బయటపడుతుంది. తనంతట తాను చూసి టెన్షన్ పడేకంటే ముందు మీ నోటి నుంచి వినడం మేలు. రెండు కార్డులూ కలిపి ఇవ్వండి. ఎంత గట్టిగా మాట్లాడినా రానంత స్పష్టత దాంతో వస్తుంది.

ఎలా చెప్పాలి? నా యాస వాళ్ళకి అర్థం కాకపోతే?

"ఐ హ్యావ్ ఎ గన్" అని మొదలుపెట్టొద్దు. ట్రక్కులు పోయే హైవే పక్కన ఆ ఒక్క మాటే వినబడితే బెదిరింపులా ఉంటుంది. లైసెన్స్ మాట ముందు రావాలి. ఈ వాక్యం అద్దం ముందు నిలబడి నాలుగుసార్లు చదువుకోండి:

"ఆఫీసర్, ఐ హ్యావ్ ఎ లైసెన్స్ టు క్యారీ, అండ్ ఐయామ్ క్యారీయింగ్. మై హ్యాండ్స్ ఆర్ ఆన్ ద వీల్. హౌ వుడ్ యు లైక్ మి టు ప్రొసీడ్?"

తర్వాత నోరు మూసుకుని ఆయన చెప్పేదాకా ఆగండి. గన్ ఎక్కడుందని అడిగితే నోటితో చెప్పండి, వేలితో చూపించొద్దు. తల ఆడించొద్దు. మనం ఔననడానికి పక్కలకి ఆడించే తల వాళ్ళకి కాదన్నట్టు కనిపిస్తుంది. యెస్, నో అని పైకి అనండి. ఆయన ఒకదానికొకటి పొంతన లేకుండా ఆర్డర్లు ఇస్తే, ఉదాహరణకి ముందు "లైసెన్స్ తియ్" అని, అంతలోనే "కదలొద్దు" అంటే, కదలకుండా ఉండండి. "ఐయామ్ నాట్ మూవింగ్. ప్లీజ్ టెల్ మి వాట్ టు డూ" అనండి.

ఇన్సూరెన్స్ పేపర్ గ్లవ్ బాక్స్‌లో ఉంది, గన్ కూడా అందులోనే ఉంది. ఎలా?

రెండిటినీ ఒకచోట పెట్టడమే ఆపేయండి. ఇన్సూరెన్స్ కార్డు సన్ వైజర్‌లోనో ఫోన్‌లోనో ఉంచుకోండి. ఈ రోజు ఖర్మకొద్దీ అలాగే ఉండిపోతే, మూత తెరవకముందే చెప్పి, ఏం చేయమంటారో అడగండి. ఇంకో మాట: టెక్సస్‌లో కారులో గన్ పైకి కనబడేలా పెడితే అది హోల్‌స్టర్‌లో (గన్ పెట్టుకునే తొడుగులో) ఉండాలి. కప్ హోల్డర్‌లో, సీటు మీద ఊరికే పెట్టడం కుదరదు.

అన్నీ సరిగ్గా చేసినా కాల్చేస్తే? ఫిలాండో కాస్టీల్‌కి జరిగింది అదే కదా?

అవును. అందుకే ఈ పేజీలోని జాగ్రత్తలన్నీ పాటిస్తే ఏమీ కాదని నేను మాట ఇవ్వలేను.

2016 జూలై 6 రాత్రి, మిన్నెసోటాలోని ఫాల్కన్ హైట్స్. కాస్టీల్‌కి 32 ఏళ్ళు, సెయింట్ పాల్‌లో ఒక మాంటెస్సోరి స్కూల్ క్యాంటీన్‌లో పనిచేసేవాడు. గన్ పర్మిట్ ఉంది. బ్రేక్ లైట్ వెలగడం లేదని ఆఫీసర్ ఆపాడు. ఒక దొంగతనం కేసులో అనుమానితుడిలా ఉన్నాడనే సందేహం కూడా అతని మనసులో ఉంది. కాస్టీల్ ఇన్సూరెన్స్ కార్డు ఇచ్చాడు. తర్వాత తనంతట తానే, "సర్" అని పిలిచి, తన దగ్గర గన్ ఉందని చెప్పాలనుకుంటున్నానన్నాడు. దాని జోలికి వెళ్ళొద్దన్నాడు ఆఫీసర్. నేను దాన్ని బయటికి తీయడం లేదన్నాడు కాస్టీల్. క్షణాల్లో ఆఫీసర్ ఏడు తూటాలు కాల్చాడు, కాస్టీల్ చనిపోయాడు. పక్క సీట్లో అతని స్నేహితురాలు, వెనక సీట్లో ఆమె నాలుగేళ్ళ కూతురు. గన్ అతని షార్ట్స్ జేబులోనే దొరికింది.

మిన్నెసోటా చట్టం అడిగితేనే చెప్పమంటుంది. అడగకుండానే చెప్పాడతను. 2017 జూన్‌లో జ్యూరీ ఆ ఆఫీసర్‌ని నిర్దోషి అంది. నగరం కాస్టీల్ తల్లికి దాదాపు 30 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చింది. గన్ హక్కుల కోసం దేశంలో అందరికంటే గట్టిగా మాట్లాడే ఎన్‌ఆర్‌ఏ, కాల్పులు జరిగిన రెండు రోజుల తర్వాత ఇచ్చిన ప్రకటనలో అతని పేరు కూడా ఎత్తలేదు. లైసెన్స్ పెట్టుకున్న ప్రతి మనిషి తరఫునా అడగాల్సిన ప్రశ్నని వాళ్ళు అడగలేదని నాకు ఇప్పటికీ కోపం. నల్లవాడైనా గోధుమరంగు వాడైనా, చట్టం పాటించి నిజం చెప్పినవాడు ఆ నిజం చెప్పినందుకే ప్రమాదంలో పడకూడదు. ఆ బాధ్యత స్టీరింగ్ పట్టుకున్నవాడిది కాదు, శిక్షణ తీసుకుని యూనిఫాం వేసుకున్నవాడిది.

మన చేతిలో ఉన్నది రిస్క్ తగ్గించుకోవడం. చేతులు కనిపించాలి, చేయి కదిలే ముందే మాట రావాలి, ఆయన సరే అన్నాకే కదలాలి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న వెనక సీట్లో ఉంటే వాళ్ళకేం చెప్పాలి?

చేతులు ఒళ్ళో కాకుండా ముందు సీటు మీద కనబడేలా పెట్టమనండి. బ్యాగులో పాస్‌పోర్ట్ కోసం వెతకొద్దనండి, మాట్లాడే పని మీకు వదిలేయమనండి. "మా అబ్బాయి మంచివాడు సార్" అని అమ్మ వెనక నుంచి ముందుకి వంగితే ఆఫీసర్ దృష్టి చెదురుతుంది. ఇంట్లో బయలుదేరేటప్పుడే చెప్పి ఉంచండి, ఆగాక తెలుగులో గట్టిగా కేకలేసి చెప్పొద్దు.

## దిగమన్నప్పుడు, వెతుకుతామన్నప్పుడు

ఊరికే స్పీడ్ టికెట్‌కి కారు దిగమంటున్నాడు. దిగాలా?

దిగాలి. సక్రమంగా ఆపిన కారులోంచి డ్రైవర్‌ని దిగమనే అధికారం పోలీసుకి ఉందని 1977లో మిమ్స్ కేసులో, పక్కనున్నవాళ్ళని కూడా దింపొచ్చని 1997లో విల్సన్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. దిగే ముందు "బెల్ట్ తీయడానికి కుడిచేయి కిందికి వెళ్తుంది, గన్ కూడా అటే ఉంది" అని చెప్పి, సరే అన్నాకే కదలండి.

నా గన్ తీసుకున్నారు. తిరిగి ఇస్తారా?

టెక్సస్ చట్టం ప్రకారం, లైసెన్స్ ఉన్న మనిషి నుంచి భద్రత కోసం అవసరమని సహేతుకంగా అనిపిస్తే ఆఫీసర్ గన్ తీసుకోవచ్చు. మీ వల్ల ప్రమాదం లేదని, మీరు ఏ చట్టమూ మీరలేదని తేలితే, అరెస్టు కూడా లేకపోతే, మిమ్మల్ని పంపించే ముందు అక్కడే తిరిగి ఇవ్వాలి. తూటాలు తీసి విడిగా ఇవ్వడం మామూలే. అక్కడే లోడ్ చేయొద్దు. ఆయన కారు వెళ్ళిపోయాక, వేరే చోట ఆగి చేసుకోండి.

గన్ తీయమని మిమ్మల్నే అడిగితే మర్యాదగా ఇలా అనండి: "ఐ విల్ ఫాలో యువర్ ఇన్‌స్ట్రక్షన్స్, బట్ ఐ వుడ్ ప్రిఫర్ దట్ యు టేక్ ఇట్." మీ చేతిలో గన్ ఉన్న దృశ్యం ఆ రోడ్డు పక్కన ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది.

"కారు ఒకసారి చూడొచ్చా?" అని నవ్వుతూ అడిగాడు. కాదంటే అనుమానపడడా?

అడిగాడంటే చాలాసార్లు అర్థం, మీరు ఒప్పుకోకుండా వెతకడానికి ఆయన దగ్గర సరిపడా కారణం లేదని. మీరు ఊఁ అంటే ఆ కారణం అవసరమే ఉండదు. కాదనే హక్కు మీకుందని ఆయన చెప్పాల్సిన పని కూడా లేదని సుప్రీం కోర్టు 1973లోనే అంది. కాబట్టి "ఐ డు నాట్ కన్సెంట్ టు ఎనీ సెర్చెస్" అని ఒక్కసారి, మెత్తగా, స్పష్టంగా చెప్పండి. కాదన్నంత మాత్రాన మీరు నేరస్థులైపోరు.

మన పెంపకంలో ఎదుటి మనిషి మర్యాదగా అడిగితే కాదనలేకపోవడం ఉంది. "దాచడానికి ఏముంది, చూసుకోండి" అనేస్తాం. అది మంచితనమే, కానీ ఇక్కడ మీరు వదులుకుంటున్నది రాజ్యాంగం నాలుగో సవరణ ఇచ్చిన రక్షణ. నిన్న మీ కారులో ఎక్కిన ఫ్రెండ్ సీటు కింద ఏం పడేసుకున్నాడో మీకు తెలుసా? కాదన్న తర్వాత కూడా వెతికితే అడ్డుపడొద్దు. మీరు ఒప్పుకోలేదన్న మాట కెమెరాలో రికార్డయితే, తర్వాత కోర్టులో లాయర్ దాన్ని పట్టుకుని వాదిస్తాడు.

ఇంకో సంగతి: ఎవరైనా ప్రమాదకరమని, కారులో ఆయుధం అందుబాటులో ఉందని సహేతుకమైన అనుమానం ఉంటే, ఆయుధం పట్టేంత చోటు వరకు పోలీసు చూడొచ్చని 1983లో లాంగ్ కేసులో కోర్టు చెప్పింది. గన్ ఉందని చెప్పిన మర్యాదస్థుడిని ఆ లెక్కలో వేయొచ్చా అనే దాని మీద కింది కోర్టులు ఒక మాట మీద లేవు. వర్జీనియా, కరోలినాల మీద అధికారమున్న నాలుగో సర్క్యూట్ (ఫెడరల్ అప్పీల్ కోర్టు) 2017లో రాబిన్సన్ కేసులో, సక్రమంగా ఆపిన మనిషి దగ్గర గన్ ఉంటే, అది చట్టబద్ధమైనదే అయినా, ప్రమాదకరమనే లెక్కేసి తడిమి చూడొచ్చంది. నాకు ఆ తీర్పు నచ్చలేదు. రాష్ట్రం హక్కని చెప్పినదాన్ని వాడుకున్నందుకు మనిషిని ప్రమాదకారి అనడం న్యాయం కాదు. నచ్చకపోయినా ఆ రాష్ట్రాల్లో డ్రైవ్ చేసేటప్పుడు గుర్తుంచుకోవాల్సిందే.

టికెట్ చేతికిచ్చాక కూడా, మత్తుమందుల వాసన పట్టే పోలీసు కుక్క వచ్చేదాకా ఆగమన్నాడు. ఆగాలా?

ట్రాఫిక్ పని అయిపోయాక, వేరే అనుమానానికి కారణం లేకుండా కుక్క కోసం ఆపకూడదని 2015లో రోడ్రిగెజ్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. అక్కడ అదనంగా ఆపింది ఏడెనిమిది నిమిషాలే. "యామ్ ఐ ఫ్రీ టు గో?" అని అడగండి. ఔనంటే నెమ్మదిగా వెళ్ళిపోండి. కాదంటే ఆగండి, వాదించొద్దు, టైము గుర్తుపెట్టుకోండి.

మా ఆవిడ పక్కన కూర్చుని ఫోన్‌లో వీడియో తీయొచ్చా?

తీయొచ్చు. టెక్సస్, లూసియానా, మిసిసిపీల మీద అధికారమున్న ఐదో సర్క్యూట్ 2017లో టర్నర్ కేసులో ఆ హక్కుని ఒప్పుకుంది. ఫోన్ ముందే చేతిలో ఉండాలి, ఆఫీసర్ దగ్గరికి వచ్చాక బ్యాగులో చేయి పెట్టకూడదు. ఫోన్ తెరిచి చూడాలంటే వాళ్ళకి వారెంట్ కావాలి, 2014 నుంచి అది స్థిరపడిన చట్టం.

## రోడ్డు మీద, షాపులో, వేరే రాష్ట్రంలో

నా చొక్కా పైకి లేచి గన్ కనబడిందట, ఎవరో 911కి ఫోన్ చేశారు. అంత మాత్రానికే పట్టుకోవచ్చా?

చట్టం ప్రకారం, గన్ పెట్టుకోవడం నేరం కాని చోట గన్ కనబడటం ఒక్కటే మనిషిని నిర్బంధించడానికి చాలదు. పేరు చెప్పని ఫోన్ కాల్ మీద తడిమి చూడటం కుదరదని 2000లో జే.ఎల్. కేసులో సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఒహాయోలో భార్య, కూతురు, మనవడు, కుక్కతో వాకింగ్‌కి వెళ్తున్న ఒకాయన నడుముకి గన్ కనబడుతోందని ఎవరో ఫోన్ చేస్తే పోలీసు బేడీలు వేశాడు. ఆరో సర్క్యూట్ 2015లో నార్త్రప్ కేసులో ఆయన దావాని ముందుకి వెళ్ళనిచ్చింది.

కోర్టు తీర్పు మాత్రం నెలల తర్వాత వస్తుంది. 2014లో ఒహాయోలోని బీవర్‌క్రీక్‌లో, వాల్‌మార్ట్ షెల్ఫ్ మీదున్న ఎయిర్ రైఫిల్ చేతిలో పట్టుకుని ఫోన్ మాట్లాడుతున్న జాన్ క్రాఫర్డ్‌ని, 911 కాల్ మీద వచ్చిన పోలీసులు చంపేశారు. అందుకే నేను టెక్సస్‌లో బయటికి కనబడేలా పెట్టుకోవడం చట్టబద్ధమే అయినా చొక్కా కింద దాచే పెట్టుకుంటాను.

డాలస్ నుంచి న్యూజెర్సీలో చెల్లెలి ఇంటికి కారులో వెళ్తున్నాం. టెక్సస్ లైసెన్స్ చెల్లుతుందా?

చెల్లదు. డ్రైవింగ్ లైసెన్స్‌లా దేశమంతా చెల్లే గన్ లైసెన్స్ లేదు. 2013లో పెన్సిల్వేనియా పర్మిట్ ఉన్న షనీన్ ఆలెన్ అనే ఇద్దరు పిల్లల తల్లిని న్యూజెర్సీలో ఆపారు. తన దగ్గర గన్ ఉందని ఆమే చెప్పింది, అక్కడికక్కడే అరెస్టు. కనీసం మూడున్నరేళ్ళ జైలు దాకా వచ్చింది. చివరికి 2015లో గవర్నర్ క్షమాభిక్ష ఇచ్చాడు. దారిలో దాటే రాష్ట్రాల్లో గన్ ఖాళీ చేసి, తాళం వేసి, డ్రైవర్‌కి అందకుండా పెడితే ఫెడరల్ చట్టం కొంత కాపాడుతుంది. అదీ బయలుదేరిన చోట, చేరే చోట రెండిట్లోనూ మీకు గన్ చట్టబద్ధమైతేనే. పెళ్ళికో పండక్కో న్యూజెర్సీ వెళ్ళేటప్పుడు గన్ ఇంట్లో సేఫ్‌లో వదిలి వెళ్ళండి.

## ఇంటి తలుపు కొట్టినప్పుడు

రాత్రిపూట ఎవరో తలుపు బాదుతున్నారు. గన్ చేతిలో పట్టుకుని తీయొచ్చా?

తీయొద్దు. 2024 మే 3న ఫ్లోరిడాలో ఫోర్ట్ వాల్టన్ బీచ్‌లో, 23 ఏళ్ళ ఎయిర్‌ఫోర్స్ ఉద్యోగి రోజర్ ఫోర్ట్‌సన్ తన అపార్ట్‌మెంట్ తలుపు తీశాడు. చేతిలో సొంత గన్, మొన నేల వైపు. వచ్చిన డిప్యూటీ క్షణాల్లో కాల్చి చంపాడు. ఆ డిప్యూటీ ఉద్యోగం పోయింది, తర్వాత మ్యాన్‌స్లాటర్ (హత్య కంటే తక్కువ స్థాయి నరహత్య) కేసు పెట్టారు. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో న్యూ మెక్సికోలోని ఫార్మింగ్‌టన్‌లో పోలీసులు పొరపాటున వేరే ఇంటికి వెళ్ళారు. గన్‌తో తలుపు తీసిన రాబర్ట్ డాట్సన్ చనిపోయాడు. ఇద్దరూ తమ ఇంట్లో తాము ఉన్నారు, చట్టం ప్రకారం ఏ తప్పూ చేయలేదు.

తలుపు తీయకుండానే మాట్లాడండి. డోర్‌బెల్ కెమెరాలో చూడండి. నిజంగా పోలీసులేనా అనే అనుమానముంటే 911కి ఫోన్ చేసి మా ఇంటికి ఎవరినైనా పంపారా అని అడగండి. పోలీసులని తేలితే గన్ లోపల పెట్టేసి, ఖాళీ చేతులతో మాట్లాడండి. వారెంట్ లేకుండా, ఎవరి ప్రాణానికో తక్షణ ప్రమాదం లాంటి కారణం లేకుండా, మీరు ఒప్పుకోకపోతే లోపలికి రావడానికి వీల్లేదు. ఇంట్లోకి వచ్చి మనిషి క్షేమం కోసమంటూ గన్‌లు తీసుకుపోయిన పోలీసులది తప్పని సుప్రీం కోర్టు 2021లో కానిగ్లియా కేసులో ఏకగ్రీవంగా చెప్పింది.

## నిజంగా గన్ వాడాల్సి వస్తే

ఆత్మరక్షణ కోసం కాల్చాను, పోలీసులు వస్తున్నారు. నేనే దొంగననుకుంటే?

అదే అసలు ప్రమాదం. 2021 జూన్‌లో కొలరాడోలోని అర్వాడాలో ఒక పోలీసుని చంపిన దుండగుడిని జానీ హర్లీ అనే పౌరుడు కాల్చి ఆపాడు. తర్వాత ఆ దుండగుడి రైఫిల్ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే వచ్చిన పోలీసు అతన్నే దుండగుడనుకుని కాల్చేశాడు. ప్రమాదం తప్పిన మరుక్షణం గన్ హోల్‌స్టర్‌లో పెట్టేయండి, లేదా కింద పెట్టి దూరం జరగండి. ఎదుటివాడి గన్ ముట్టుకోవద్దు. 911తో మాట్లాడేటప్పుడు మీ చొక్కా రంగు, ఎక్కడ నిలబడ్డారో చెప్పండి. పోలీసులు రాగానే ఖాళీ చేతులు పైకి ఎత్తండి. బేడీలు వేస్తే వేయించుకోండి.

పోలీసులకి జరిగిందంతా అప్పుడే చెప్పేయాలా?

నా మీద దాడి జరిగింది, సాక్షులు వీళ్ళు, అతని ఆయుధం అక్కడుంది అని చెప్పండి. మిగతాది లాయర్ వచ్చాక. ఊరికే మౌనంగా కూర్చుంటే చాలదు. సుప్రీం కోర్టు 2010, 2013 తీర్పుల తర్వాత మౌనంగా ఉండే హక్కు వాడుకుంటున్నానని నోటితో అనాలి: "ఐ వాంట్ టు రిమైన్ సైలెంట్, అండ్ ఐ వాంట్ ఎ లాయర్." భయంలో ఎన్నిసార్లు కాల్చామో, ఎంత దూరం నుంచో అంకెలు తప్పు వస్తాయి. అవే తర్వాత అబద్ధాలుగా కనిపిస్తాయి.

## అంతా అయిపోయాక

నన్ను అవమానించి, అన్యాయంగా గంటసేపు ఆపారు. ఇప్పుడేం చేయగలను?

ఇంటికి రాగానే, భోజనం కూడా చేయకముందే, జరిగినది వరసగా రాసుకోండి: టైము, చోటు, కారు నంబరు, బ్యాడ్జి పేరు, అన్న మాటలు. టెక్సస్‌లో పోలీసు మీద కంప్లైంట్ రాతపూర్వకంగా ఉండాలి, మీ సంతకం ఉండాలి. ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే అది ముందుకి కదలదు. హక్కుల ఉల్లంఘనకి ఫెడరల్ కోర్టులో సెక్షన్ 1983 కింద దావా వేయొచ్చు, టెక్సస్‌లో గడువు 2 ఏళ్ళు. క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ (అధికారులకి దావాల నుంచి ఉన్న రక్షణ) అనే అడ్డుగోడ వల్ల చాలా దావాలు మధ్యలోనే ఆగిపోతాయి, అది తెలిసే దిగాలి. హ్యూస్టన్ దగ్గర జరిగిన ఒక ట్రాఫిక్ స్టాప్ కాల్పుల మీద 2025 మేలో సుప్రీం కోర్టు ఒక మంచి మాట చెప్పింది: పోలీసు బలప్రయోగం సబబా కాదా అని చూసేటప్పుడు కాల్చిన ఆ ఒక్క క్షణాన్నే కాకుండా, అక్కడిదాకా నడిచిన పరిస్థితి మొత్తాన్ని చూడాలి.

బాడీ కెమెరా వీడియో నాకు ఇస్తారా?

అడగాలి. టెక్సస్‌లో రాతపూర్వకంగా అడిగేటప్పుడు తేదీ, సుమారు టైము, చోటు, ఆ రికార్డింగ్‌లో ఉన్న ఒకరి పేరు రాయాలి. మీ పేరే రాయొచ్చు. ఫుటేజ్‌ని ఎప్పటికీ దాచి ఉంచరు, కాబట్టి ఆ వారంలోనే పంపండి. లాయర్‌ని పెట్టుకుంటే ఫుటేజ్ చెరపొద్దని ఆయన చేత విడిగా ఒక లెటర్ పంపించండి. దర్యాప్తు నడుస్తోందని ఇవ్వడానికి కాదంటే, ఆ జవాబు కూడా రాతలోనే తీసుకోండి.